నలుపు తెలుపు నెగటివ్‌కు ఇంక్‌జెట్ ప్రింటు: తేలిన ప్రశ్నలు, తేలనివి

ఫిల్ముపై తీసిన నలుపు తెలుపు నెగటివ్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్లో ఛాయలు సరిదిద్ది, ఇంక్‌జెట్ ప్రింటర్‌తో కాగితం మీదికి తెచ్చే పద్ధతికి పాతికేళ్లు దాటాయి. ఇలా వచ్చిన ప్రింటు డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ కింద తయారయ్యే సిల్వర్ జెలటిన్ ప్రింటుకు సాటి వస్తుందా అన్న వాదానికీ అంతే వయసు. ఇంతకాలం అది తెగకపోవడానికి కారణం ఉంది. ఒకే ప్రశ్న పేరుతో నాలుగు ప్రశ్నలు అందులో కలిసిపోయాయి. నెగటివ్‌లో ఉన్న వివరం స్కానర్‌కు ఎంత అందుతుంది? ఆ ఛాయలను ప్రింటర్ రంగు అంటకుండా, మెట్లు పడకుండా చూపగలదా? కాగితం మీద నలుపు ఎంత గాఢంగా వస్తుంది? ఆ ప్రింటు ఎన్నేళ్లు నిలుస్తుంది? ఈ నాలుగింటికీ జవాబులు వేరు. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు అంటగట్టినప్పుడల్లా వాదం చిక్కుపడింది.

నేపథ్యం: వెండి నుంచి ఇంకుకు

20వ శతాబ్దంలో నలుపు తెలుపు ప్రింటు అంటే ప్రధానంగా వెండి లవణాలు కలిసిన జెలటిన్ పూత ఉన్న కాగితమే. మన స్టూడియోల్లో దాన్ని బ్రోమైడ్ పేపర్ అనేవారు. కాగితం గ్రేడుకు తగినట్టు నెగటివ్ సాంద్రతను ముందే అదుపు చేయడం ఈ కళకు మూలసూత్రం. ఆన్సెల్ ఆడమ్స్ కెమెరాకు, నెగటివ్‌కు, ప్రింటుకు ఒక్కొక్కటిగా రాసిన మూడు పుస్తకాలు ఆ క్రమశిక్షణను సిద్ధాంతంగా నిలబెట్టాయి.

ఇంక్‌జెట్ ఈ రంగంలోకి పక్కదారిన వచ్చింది. ఐరిస్ ప్రింటర్లను 1980లలో అచ్చుపనికి ముందు ప్రూఫులు చూసుకోవడానికి తయారు చేశారు. సంగీతకారుడు గ్రాహం నాష్, మాక్ హోల్బర్ట్ కలిసి వాటిని ఛాయాచిత్రాల ముద్రణకు మలిచి, 1991లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో నాష్ ఎడిషన్స్ నెలకొల్పారు. వారు వాడిన ఐరిస్ 3047 యంత్రం ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. ఆ ప్రింట్లు కళ్లకు ఇంపుగా ఉండేవి గానీ, వాటిలో వాడిన డై ఇంకులు వెలుతురుకు త్వరగా వెలిసేవి.

2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 2000పీ ప్రింటర్‌తో పిగ్మెంట్ ఇంకులు ఇళ్లలోని బల్లల మీదికి వచ్చాయి. మన్నిక పెరిగింది, కానీ కొత్త చిక్కు ఎదురైంది. రంగు ఇంకులు కలిపి పుట్టించిన బూడిద ఛాయ ఇంటి బల్బు కింద సరిగా కనిపించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే ఆకుపచ్చగా కనిపించేది. వెలుతురు మారితే రంగు మారినట్టు కనిపించే ఈ లక్షణాన్నే మెటామెరిజం అంటూ ముద్రకులు ఏళ్ల తరబడి చర్చించారు.

అదే కాలంలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జాన్ కోన్ వేరే దారి పట్టాడు. ప్రింటర్లోని రంగు ఇంకులను తీసేసి, వాటి స్థానంలో నలుపు నుంచి లేత బూడిద దాకా మెట్లుగా పలచబరిచిన ఇంకులు నింపే పియెజోగ్రఫీ పద్ధతి అది. రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి ఇంకులను ఎవరికి వారు అదుపు చేసుకునే వీలు కల్పించింది. 2005లో ఎప్సన్ కే3 ఇంకులను తెచ్చింది. ఫోటో బ్లాక్ లేదా మాట్ బ్లాక్‌కు తోడు రెండు లేత నలుపులు, వాటితోపాటు నలుపు తెలుపు ముద్రణకే ప్రత్యేకమైన డ్రైవర్ పద్ధతి అందులో ఉన్నాయి. హెచ్‌పీ, కానన్ కూడా బూడిద ఇంకులున్న ప్రింటర్లు తెచ్చాయి. నేటి వాదాలన్నీ ఆ దశాబ్దపు పునాదుల మీద నిలిచినవే.

మొదటి ప్రశ్న: నెగటివ్‌ను చదవడం

స్కానర్ ఎంపికలో అందరూ మొదట చూసేది అది పట్టగల గరిష్ఠ సాంద్రత. నలుపు తెలుపు నెగటివ్ విషయంలో దీనికి ఇచ్చే ప్రాధాన్యం ఎక్కువే. సరిగా ఎక్స్‌పోజ్ చేసి డెవలప్ చేసిన నెగటివ్‌లో నీడలకూ వెలుగులకూ మధ్య సాంద్రత తేడా సాధారణంగా 1.0 నుంచి 1.3 వరకే ఉంటుంది. స్లైడుల్లో అది 3ని దాటుతుంది. కాబట్టి మామూలు నెగటివ్‌కు దాదాపు ఏ మంచి స్కానరైనా సరిపోతుంది. అసలు తేడా వచ్చేది పదునులో.

ఎప్సన్ వీ700, వీ850 వంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్ల మీద 6400 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) అని రాసి ఉన్నా, పరీక్షల్లో తేలే నిజమైన వివరం సుమారు 2300–2400 దగ్గర ఆగుతుంది. ఈ అంకెను ప్రింటు కొలతలోకి మార్చి చూస్తే దాని అర్థం తెలుస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 35 ఎంఎం నెగటివ్‌కు 2400 పీపీఐ ఇచ్చేది సుమారు 7.5×11 అంగుళాల ప్రింటు. 6×6 నెగటివ్‌కు అదే స్కానర్ 17 అంగుళాల చదరం ఇస్తుంది. 4×5 షీట్ ఫిల్ముకైతే 32×40 అంగుళాలు. ఫ్లాట్‌బెడ్ చాలునా చాలదా అన్న వాదంలో ఇరుపక్షాలూ చాలాసార్లు వేర్వేరు సైజుల నెగటివ్‌లను మనసులో పెట్టుకునే మాట్లాడాయి.

చిన్న ఫార్మాట్‌కు మెరుగైన దారులు మూడు. నికాన్ కూల్‌స్కాన్ 9000 వంటి ఫిల్మ్ స్కానర్లు నిజంగానే 4000 పీపీఐ దరిదాపుల్లో వివరం తెస్తాయి, కానీ వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఫోటోమల్టిప్లయర్ ట్యూబులతో పనిచేసే డ్రమ్ స్కానర్లలో నెగటివ్‌ను ద్రవంతో అతికిస్తారు. ఫలితం శ్రేష్ఠం, నడపడం కష్టం, విడిభాగాలు అరుదు. మూడోది మాక్రో లెన్సుతో డిజిటల్ కెమెరా పెట్టి నెగటివ్‌ను ఫోటో తీయడం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా పూర్తి 35 ఎంఎం ఫ్రేమును పట్టినప్పుడు లెక్కకు సుమారు 4200 పీపీఐ వస్తుంది. అయితే ఫిల్ము, లెన్సు, సెన్సారు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, వెనక వెలుగు అంతటా సమానంగా పడాలి, ఫ్రేము చుట్టూ మిగిలే వెలుగును మూసేయాలి. వీటిలో ఏది తప్పినా లెక్కలోని పదును చేతికి రాదు.

వెలుగు స్వభావంపై నడిచే చర్చ డార్క్‌రూమ్ కాలం నాటిదే. కండెన్సర్ ఎన్‌లార్జర్ మేలా, డిఫ్యూజన్ ఎన్‌లార్జర్ మేలా అన్న పాత తగవే స్కానర్ల రూపంలో మళ్లీ వచ్చింది. వెండి రేణువులు వెలుగును చెదరగొడతాయి. ఒకే దిశలో వచ్చే కిరణాలు చెదిరినప్పుడు దట్టమైన భాగాలు మరింత దట్టంగా కనిపించి కాంట్రాస్ట్ పెరుగుతుంది. దీన్నే కాలియర్ ప్రభావం అంటారు. ఒకే దిశలో వెలుగు పంపే ఫిల్మ్ స్కానర్లలో గ్రెయిన్, గీతలు, ధూళి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పాత స్టూడియో పోర్ట్రెయిట్లలో ముఖం నునుపుగా కనపడేందుకు నెగటివ్ మీద పెన్సిల్‌తో చేసిన రీటచింగ్ కూడా బయటపడుతుంది. మెత్తని వెలుగులో ఇవి చాలావరకు కలిసిపోతాయి. ధూళిని పరారుణ కిరణాలతో గుర్తించి తొలగించే సౌకర్యం వెండి నెగటివ్‌లకు పనికిరాదు. వెండి ఆ కిరణాలను అడ్డుకోవడంతో యంత్రం బొమ్మనే ధూళిగా భ్రమిస్తుంది. చివరికి రంగుద్రవ్యమే మిగిలే ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 వంటి ఫిల్ములకు మాత్రం అది పనిచేస్తుంది.

స్కానింగ్ వెండి కాగితం కంటే స్పష్టంగా ముందుండే సందర్భం ఒకటుంది. 19వ శతాబ్దపు గాజు నెగటివ్‌లను ఆల్బ్యుమెన్ కాగితానికి తగినట్టు ఎక్కువ సాంద్రత తేడాతో తయారు చేసేవారు. వాటిని ఆధునిక బ్రోమైడ్ కాగితం మీద వేస్తే నీడలు మూసుకుపోతాయి, లేదా వెలుగులు ఎగిరిపోతాయి. స్కానర్‌కు ఆ తేడా భారం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అలాంటి నిధుల నుంచి పూర్తి ఛాయలతో ప్రింట్లు తీయడానికి ఇప్పుడు అందుబాటులో ఉన్న సులువైన సాధనం ఇదే. అసిటేట్ ఫిల్ముల విషయంలో తొందర కూడా అవసరం. వేడి, తేమ ఎక్కువగా ఉండే కోస్తా వంటి చోట్ల అవి వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోవడం త్వరగా మొదలవుతుంది. ముడుచుకున్న నెగటివ్‌ను ఏ పద్ధతిలోనైనా పదునుగా చదవడం కష్టం.

రెండో ప్రశ్న: ఛాయల సర్దుబాటు

స్కాన్ చేసిన నెగటివ్‌ను తిరగేయగానే వచ్చే బొమ్మ చప్పగా, బూడిదగా ఉంటుంది. ఇది స్కానర్ లోపం కాదు. నెగటివ్‌లో అణిగి ఉన్న ఛాయలను విప్పే పనిని డార్క్‌రూమ్‌లో కాగితమే చేసేది. దాని స్పందన రేఖ మధ్యలో నిటారుగా, రెండు చివర్లా మెత్తగా ఒంగి ఉంటుంది. ఆ ఒంపును ఇప్పుడు చేత్తో గీయాల్సి వస్తోంది. ఎంత గీయాలన్నదానిపై రెండు దృక్పథాలు ఉన్నాయి. వెండి కాగితపు రేఖను సాధ్యమైనంత దగ్గరగా అనుకరించాలని కొందరి పట్టు. నెగటివ్‌లో వివరమున్న ప్రతి భాగానికీ విడిగా కాంట్రాస్ట్ ఇచ్చే స్వేచ్ఛ దొరికాక పాత కాగితం హద్దులకు కట్టుబడటం ఎందుకని మరికొందరి వాదన. రెండో దారిలో అతి చేస్తే నీడల్లో వెలుగు నిండి బొమ్మ బరువు కోల్పోతుంది. మొదటి దారిలో అతి చేస్తే నెగటివ్ దాచుకున్నది వృథా అవుతుంది.

సాంకేతికంగా ఏకాభిప్రాయం కుదిరిన విషయాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. స్కాన్ 16 బిట్లలో జరగాలి. 8 బిట్ల ఫైలులో ఉండేవి 256 మెట్లే. వాటిని గట్టిగా సాగదీస్తే ఆకాశం వంటి నున్నని భాగాల్లో పట్టీలు పడతాయి. రెండు చివర్లా ఏ ఛాయా తెగిపోకుండా స్కాన్ తీసి, కాంట్రాస్ట్‌ను తర్వాత పెంచాలి. పదును పెంచడం రెండు దఫాలుగా సాగాలి: స్కాన్‌లో పోయినది తిరిగి తేవడానికి ఒకసారి, ప్రింటు కొలత ఖాయమయ్యాక ఇంకు పరుచుకుపోవడాన్ని సరిచేయడానికి మరోసారి. తక్కువ పీపీఐలో తీసిన స్కాన్‌లో పిక్సెళ్ల వరుస, గ్రెయిన్ ఒకదానితో ఒకటి పొసగక గ్రెయిన్ ఉన్నదానికంటే ముతకగా కనిపిస్తుంది. దానికే మళ్లీ పదును పెంచితే ఫిల్ముకు లేని చెడ్డపేరు వస్తుంది.

ఇంకు

ఇంకు విషయంలో మూడు మార్గాలు స్థిరపడ్డాయి.

– అన్ని రంగు ఇంకులతో, కాగితానికి తగిన ఐసీసీ ప్రొఫైల్ వాడి ముద్రించడం. బొమ్మకు ఏ ఛాయనైనా, నీడలకొకటి వెలుగులకొకటిగా కూడా ఇవ్వవచ్చు. తెర మీద ముందే సరిచూసుకునే వీలు ఎక్కువ. బూడిదలో రంగు కొద్దిగా తొంగిచూసే ప్రమాదమూ ఎక్కువే.

– ప్రింటర్ డ్రైవర్లోని నలుపు తెలుపు పద్ధతి. బొమ్మలో ఎక్కువ భాగాన్ని నలుపు, బూడిద ఇంకులే మోస్తాయి. ఛాయను దిద్దడానికి రంగు కొద్దిగా పడుతుంది. అందువల్ల వెలుతురు మారినా బూడిద నిలకడగా ఉంటుంది. నేర్చుకోవడం తేలిక. డ్రైవర్ లోపల ఏం జరుగుతోందో వాడేవారికి కనిపించకపోవడం దీని పరిమితి.

– బూడిద ఇంకులు మాత్రమే నింపిన ప్రింటరు. నాలుగు నుంచి ఏడు మెట్ల ఇంకులు ఉండటంతో లేత భాగాల్లో కూడా చుక్కలు దగ్గరదగ్గరగా పడి ఛాయలు నునుపుగా జారుతాయి. వేడి ఛాయకో చల్లని ఛాయకో ముందే కట్టుబడాలి, లేదా రెండు జతల ఇంకులు కలపాలి. ప్రింటరు రంగుల పనికి పనికిరాదు. ముద్రకుడికి కొలతల జ్ఞానం తప్పనిసరి.

మొదట్లో ఈ మూడింటి మధ్య తేడా కంటికి కొట్టొచ్చినట్టు ఉండేది. చుక్కల పరిమాణం తగ్గి, బూడిద ఇంకుల సంఖ్య పెరిగాక రెండో మార్గం మూడోదానికి బాగా దగ్గరైంది. మామూలు దూరం నుంచి చూసే గోడ ప్రింటులో ఆ రెండింటినీ విడదీయడం కష్టం. చేతిలో పట్టుకుని చూసే చిన్న ప్రింటులో, ముఖ్యంగా మబ్బు, పొగమంచు, చర్మం వంటి లేత ఛాయల్లో బూడిద ఇంకుల మేలు ఇప్పటికీ కనిపిస్తుందని వాటి పక్షం వహించేవారు అంటారు.

ఇంకుల సంఖ్య గురించి జరిగినంత చర్చ లీనియరైజేషన్ గురించి జరగలేదు. నాణ్యతను ఎక్కువగా నిర్ణయించేది మాత్రం ఇదే. కాగితం మీద 21 లేదా 51 మెట్ల బూడిద పట్టీని ముద్రించి, ప్రతి మెట్టు సాంద్రతనూ స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచి, మెట్ల మధ్య దూరాలు సమంగా వచ్చేదాకా ఇంకు ప్రవాహాన్ని సరిచేయడం ఈ పని. ఇది జరగని ప్రింటరులో నీడల్లోని ఆఖరి నాలుగైదు మెట్లు ఒకే నల్లని ముద్దగా కలిసిపోతాయి. ఏడు ఇంకులున్నా ఆ వివరం తిరిగి రాదు. సరిగా లీనియరైజ్ చేసిన మూడు ఇంకుల ప్రింటరు, అలా చేయని ఏడు ఇంకుల ప్రింటరును మించుతుంది. ఇంక్‌జెట్ ప్రింట్లపై వచ్చిన తొలినాటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మూడో ప్రశ్న: కాగితం

గాఢమైన నలుపు లేదన్నది ఇంక్‌జెట్ మీద వెనకటి ఆరోపణ. అది ఏ కాగితం గురించి అన్న మాట దగ్గరే చర్చ తేలాల్సి ఉంటుంది. హానెమ్యూలె ఫోటో రాగ్ వంటి మాట్ పత్తి కాగితాల మీద గరిష్ఠ సాంద్రత సుమారు 1.6–1.7. అంటే అక్కడి నలుపు మీద పడిన వెలుగులో రెండు శాతానికి పైగా తిరిగి కంటికి చేరుతుంది. మెరుపున్న సిల్వర్ జెలటిన్ ప్రింటులో సాంద్రత 2.1 దరిదాపుల్లో ఉంటుంది. బరైటా పూత ఉన్న ఇంక్‌జెట్ కాగితాలు 2.2ను దాటుతాయి. 2.3 సాంద్రత దగ్గర తిరిగొచ్చే వెలుగు అర శాతమే. ఈ బరైటా కాగితాలు 2000ల రెండో సగంలో విస్తృతంగా దొరకడం మొదలయ్యాక నలుపు గాఢత వాదానికి కొలతల పరంగా తెరపడింది.

అయినా మాట్ కాగితం ఓడిపోలేదు. మెరుపు లేని ఉపరితలం మీద ప్రతిబింబాలు అడ్డురావు. ప్లాటినం ప్రింట్లను, ఫోటోగ్రావ్యూర్‌ను ఇష్టపడేవారికి ఆ మెత్తదనమే కావాలి. ఇలాంటి కాగితానికి సాఫ్ట్ ప్రూఫింగ్, అంటే ప్రింటు రూపాన్ని తెర మీద ముందే సరిచూసుకోవడం, తప్పనిసరి. వందల రెట్ల కాంట్రాస్ట్ చూపే తెర మీద దిద్దిన బొమ్మను దాదాపు నలభై రెట్ల తేడాకు కుదించాల్సి వస్తుంది మరి. తెర వెలుగును చదరపు మీటరుకు 80–120 కాండెలాలకు తగ్గించి పెట్టుకోకపోతే ప్రింట్లు చీకటిగా వస్తాయి.

మెరుపు కాగితాల చిక్కులు వేరు. కొన్ని కోణాల్లో నీడలు కంచు రంగులో తళుక్కుమంటాయి. ఇంకు పడని తెల్లని భాగం, ఇంకు పడిన భాగం వేర్వేరుగా మెరుస్తాయి. కొన్ని ప్రింటర్లు దీనికి పారదర్శకమైన ఇంకు వాడతాయి, కొందరు ముద్రకులు పైపూత చల్లుతారు. తెల్లదనం కోసం కలిపే ఆప్టికల్ బ్రైట్‌నర్లు మరో వివాదం. అవి కొత్తలో కాగితాన్ని మిలమిలలాడిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి శక్తి తగ్గి తెలుపు పసుపువైపు జరుగుతుంది. ఎక్కువకాలం నిలవాల్సిన ప్రింట్లకు అవి లేని కాగితమే మేలన్నది సంరక్షకుల సాధారణ సలహా.

నాలుగో ప్రశ్న: మన్నిక

మన్నిక అంకెలు చాలావరకు హెన్రీ విల్హెల్మ్ నెలకొల్పిన పరీక్షాశాల నుంచి వస్తాయి. అల్ట్రాక్రోమ్ హెచ్‌డీ ఇంకుల విషయంలో ఎప్సన్ రంగు ప్రింట్లకు 200 ఏళ్ల వరకు, నలుపు తెలుపుకు 400 ఏళ్ల వరకు ఆయుష్షు ప్రకటించింది. ఈ అంకెలు తీవ్రమైన వెలుతురులో కొద్దికాలం ఉంచి లెక్కగట్టినవి. లెక్కలో ఇంటి వెలుతురును ఎంతగా ఊహించారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. విల్హెల్మ్ రోజుకు 12 గంటలు 450 లక్స్ అనుకుంటే, కొడాక్ ఒకప్పుడు 120 లక్స్ అనుకుంది. అదే ప్రింటుకు దాదాపు నాలుగు రెట్ల ఆయుష్షు తేడా ఈ ఒక్క ఊహలోంచే వస్తుంది.

అమెరికాలోని ఆర్డెన్‌బర్గ్ ఇమేజింగ్ పరీక్షలు ఎన్నేళ్లు అన్న ఒకే అంకె ఇవ్వకుండా, ఎంత వెలుతురు మోతాదుకు ఎంత మార్పు వచ్చిందో చూపే పద్ధతిని ఎంచుకున్నాయి. రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వెలుతురుతోపాటు ఓజోన్, తేమ, రాపిడి, నీటి ముంపు ప్రభావాలనూ పరిశీలించింది. వీటన్నిటి నుంచి తేలేది ఇది: కార్బన్ పిగ్మెంట్ చాలా స్థిరమైనది, ఛాయ దిద్దడానికి కలిపే రంగు ఇంకులే బలహీనమైన లంకె, మాట్ కాగితం మీద పిగ్మెంట్ పైపైన కూర్చోవడంతో వేలి రాపిడికే గీత పడవచ్చు.

వెండి ప్రింటుకు ఉన్న బలం పరీక్షాశాల అంకె కాదు, నూరేళ్ల వాస్తవ అనుభవం. ఆ అనుభవంలో వైఫల్యాలూ ఉన్నాయి. హైపో సరిగా కడగని ప్రింట్లు పచ్చబారాయి. 1970ల నాటి తొలి రెజిన్ కోటెడ్ కాగితాల్లో టైటానియం డయాక్సైడ్ వల్ల బొమ్మ చెడింది. వెండి శాశ్వతం, ఇంకు తాత్కాలికం అన్న సూత్రం రెండు వైపులా తప్పే.

మధ్యేమార్గాలు

రెండు ప్రపంచాలనూ కలిపే పద్ధతులు విడిగా ఎదిగాయి. ఇంక్‌జెట్‌తో పారదర్శక ఫిల్ము మీద పెద్ద నెగటివ్ ముద్రించి, దాన్ని కాంటాక్ట్ పద్ధతిలో ప్లాటినం, సయనోటైప్ వంటి కాగితాల మీద వేయడం ఒకటి. డాన్ బర్క్‌హోల్డర్ 1995లో వెలువరించిన డిజిటల్ నెగటివ్‌ల పుస్తకం దీనికి బాట వేసింది. డిజిటల్ ఫైలు నుంచి లేజర్ కిరణంతో నేరుగా వెండి కాగితాన్ని ఎక్స్‌పోజ్ చేయడం రెండోది. ఫైలును తిరిగి ఫిల్ము నెగటివ్‌గా మార్చి ఎన్‌లార్జర్ కింద పెట్టడం మూడోది. తన జెనిసిస్ చిత్రమాలిక పని మధ్యలో డిజిటల్ కెమెరాకు మారిన ఛాయాగ్రాహకుడు సెబాస్టియావ్ సల్గాడో ఈ మూడో దారిని వాడారు. ఛాయల అదుపు కంప్యూటర్‌కు, ఉపరితలం వెండికి అప్పగించడం ఈ పద్ధతుల సారం.

తేలినవి, తేలనివి

నలుపు గాఢత ప్రశ్న బరైటా కాగితాలతో తేలింది. వెలుతురు మారితే రంగు మారే సమస్య బూడిద ఇంకులతో చాలావరకు పరిష్కారమైంది. మధ్య, పెద్ద ఫార్మాట్ నెగటివ్‌లకు అందుబాటు ధర స్కానర్లే మంచి ప్రింటుకు చాలునన్నదీ తేలింది. క్లిష్టమైన, దెబ్బతిన్న, అతి దట్టమైన నెగటివ్‌ల విషయంలో డిజిటల్ మార్గానిదే పైచేయి.

35 ఎంఎంకు సరైన స్కానింగ్ మార్గం ఏదన్నది తేలలేదు. మంచి ఫిల్మ్ స్కానర్లు ఒక్కొక్కటే తయారీలోంచి తప్పుకుంటున్నాయి. కెమెరాతో తీసే పద్ధతికి అందరూ ఒప్పుకునే ప్రమాణాలు ఇంకా ఏర్పడలేదు. గ్రెయిన్‌ను ఎంత పదునుగా చూపాలన్నది రుచికి సంబంధించినది, కొలతతో తేలేది కాదు. వందేళ్లకు మించిన మన్నిక గురించి చెప్పే ప్రతి మాటా అంచనాయే. ప్రింటు వెనక ఏం రాయాలన్న విషయంలోనూ ఏకరూపత లేదు. మ్యూజియంలు ఇంక్‌జెట్ ప్రింట్, పిగ్మెంట్ ప్రింట్ అని రాస్తుంటే, గ్యాలరీలు ఆర్కైవల్ అన్న మాట జోడిస్తున్నాయి. ఇంకు, కాగితం పేర్లు, ముద్రించిన సంవత్సరం రాసిపెడితే ఆ అస్పష్టత చాలావరకు తొలగుతుంది.

దృక్పథాల తేడా మాత్రం మిగిలే ఉంటుంది. ఇంక్‌జెట్‌ను వెండికి ప్రత్యామ్నాయంగా చూసేవారు పోలికలోనే దాని విలువ వెతుకుతారు. రిచర్డ్ బెన్సన్ 2008 నాటి 'ద ప్రింటెడ్ పిక్చర్' పుస్తకంలో చేసినట్టు లితోగ్రఫీ, గ్రావ్యూర్‌ల సరసన ఉంచి చూసేవారికి అది కాగితంపై ఇంకు అనే పాత సంప్రదాయంలో కొత్త దశ. ఏ దృక్పథం తీసుకున్నా నాణ్యతకు షరతులు అవే: నెగటివ్‌ను చదునుగా, పదునుగా చదవడం, ఛాయలు తెగకుండా తిరగేయడం, వాడే కాగితానికి ఇంకును కొలిచి సరిచేయడం, ప్రింటును వేలాడదీసే వెలుతురులోనే దాన్ని సరిచూడటం. ఇవి పాటించిన ఇంక్‌జెట్ ప్రింటు మంచి వెండి ప్రింటు పక్కన దర్జాగా నిలుస్తుంది. ఇవి లోపించినప్పుడు పద్ధతి ఏదైనా ప్రింటు నిలవదు.